మోటారు సైకిలు, సంసారము, పరదేశము

వీధిలో మోటారు సైకిలు పోవునపుడు ఇంటిలోని రేడియో చరచరమని ధ్వనించుట మన శ్రోతలకు కొత్త సంగతి కాదు. ఇంజనులో నిప్పురవ్వ వెలిగినప్పుడెల్ల విద్యుదయస్కాంత తరంగములు వెలువడును. మధ్యతరంగములపై పాట వినుచున్న యంత్రము పాటతోపాటు వానిని కూడ గ్రహించును. ఈ బాధను తగ్గించుటకే స్పార్కు ప్లగ్గు మూతలో నిరోధకమును అమర్చు పద్ధతి ఏర్పడినది. ఈ విధముగా ఈ వాహనము పిలువకయే మన ఇండ్లలోనికి వచ్చుచుండును. అంతకన్న లోతుగా అది కొందరి జీవితములలో ప్రవేశించిన తీరును, ఇరువది ఏండ్ల వయస్సున పుట్టిన ప్రీతి పెండ్లి అయి బిడ్డలు కలిగిన పిమ్మట ఏమగునో, ఇల్లు విడిచి సముద్రములు దాటిపోయిన పిమ్మట ఏమగునో ఈ వ్యాసములో పరిశీలింతము.

ముందుగా ఈ ప్రీతికి మూలమేమో చూడవలెను. వేగమే మూలమని పలువురు అనుకొందురు. కాని రైలులో అంతకు మించిన వేగము కలదు. రైలును ప్రేమించి దానికొరకు ఇంటిలో తగవు పెట్టుకొనినవారు అరుదు. అసలు రహస్యము సమతౌల్యములో ఉన్నది. రెండు చక్రముల బండి నిలిచియున్నప్పుడు ఒరగిపోవును, పోవుచున్నప్పుడు నిలుచును. చక్రముల భ్రమణమే దీనికి కారణమని కొందరు, ముందు చక్రము యొక్క అమరికయే కారణమని కొందరు చిరకాలము వాదించిరి. ఈ రెండు గుణములును లేకుండ నిర్మించిన ఒక సైకిలు కూడ తనంతట తాను నిలువగలదని 2011లో శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చూపిరి. అనగా నూరు సంవత్సరములకు పైగా కోట్లాది జనులు ప్రతిదినము చేయుచున్న పనికి పూర్తి వివరణము ఇంకను సాగుచునే ఉన్నదన్నమాట.

మలుపు తిరుగు విధము ఇంకను విచిత్రమైనది. కొంచెము వేగముతో పోవుచు కుడివైపునకు తిరుగదలచినవాడు హ్యాండిలు యొక్క కుడికొనను ముందునకు నెట్టవలెను. అపుడు ముందు చక్రము క్షణకాలము ఎడమకు తిరుగును. బండి కుడికి వాలును. వాలిన పిమ్మట కుడికే తిరుగును. విమాన నిర్మాతలుగా ప్రసిద్ధులైన రైటు సోదరులు మొదట సైకిళ్ళు చేసి అమ్మినవారు. వారిలో విల్బర్ రైటు ఈ సంగతిని గుర్తించి, సైకిలు తొక్కువారిలో అత్యధికులు తాము ఇట్లు చేయుచున్నామని ఎరుగకయే చేయుచున్నారని గమనించెను. మనస్సునకు తెలియకుండ ఒంటికి పట్టిన విద్య ఇది. ఈత వంటిది. ఒకసారి అబ్బినచో దేశము మారినను, వయస్సు మళ్ళినను పోదు. ఈ విద్యను ఎరిగినవాడు దానిని వదలుకొనలేకపోవుటలో ఆశ్చర్యము లేదు.

ఇక సంసారము. ఒంటరివాని బండిపై ఇల్లాలికి చోటెక్కడ? ఈ ప్రశ్నకు ఇరువదవ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండులో సైడుకారు జవాబుగా వచ్చెను. బండి ప్రక్కన మూడవ చక్రముపై ఒక తొట్టి వంటి ఆసనము. అందులో భార్య, ఆమె ఒడిలో బిడ్డ. కారు కొనలేని కార్మిక కుటుంబములు ఆదివారమునాడు సముద్రతీరమునకు పోయినది అనేక సంవత్సరముల పాటు ఈ బండ్లపైననే. అయితే సైడుకారు కట్టిన బండి వాలదు. పైన చెప్పిన విద్య అక్కడ పనికిరాదు. ఎడమవైపున సైడుకారు ఉన్నచో వేగము పెంచినప్పుడు బండి ఎడమకు లాగును, బ్రేకు వేసినప్పుడు కుడికి లాగును, ఎడమకు వేగముగా తిరిగినచో ప్రక్కచక్రము నేలవిడిచి లేచును. సంసారము తోడైనపుడు నడక మార్చుకొనవలెనను సత్యమునకు ఇంతకంటె స్పష్టమైన యంత్రరూపము లేదు. 1959లో మినీ వంటి చిన్నకారులు చవకగా వచ్చిన పిమ్మట అక్కడ సైడుకారులు క్రమముగా వెనుకబడినవి.

మన దేశములో సైడుకారు అంతగా వ్యాపింపలేదు. వెనుక సీటే సంసారమునకు స్థానమైనది. ఇల్లాలు ఒకవైపునకు కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండుట, పెద్దబిడ్డ పెట్రోలు ట్యాంకుపైన, చిన్నబిడ్డ తల్లిదండ్రుల నడుమ ఇమిడియుండుట మన వీధులలో నిత్యదృశ్యము. చీరచెరగు చక్రములో చిక్కుకొనకుండ వెనుక చక్రమునకు అడ్డుగా ఇనుపజాలిని అమర్చవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు విధించినవి. దీనిని శారీ గార్డు అందురు. పురుషుని కొరకని పుట్టిన వాహనము మన దేశపు ఇల్లాలి వస్త్రమునకు తలయొగ్గి రూపము మార్చుకొనుటకు ఇది నిదర్శనము.

కాని ఒక విషయమును దాచుట తగదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము నడుపువాడు గాక మరియొకరు మాత్రమే ఆ బండిపై కూర్చుండదగును. 2022లో చేసిన నియమముల ప్రకారము తొమ్మిది మాసములు మొదలు నాలుగేండ్ల వరకు వయస్సు గల బిడ్డను తీసికొనిపోవునపుడు ఆ బిడ్డను నడుపువానికి పట్టీలతో కట్టవలెను. తలకు తగిన శిరస్త్రాణము ఉంచవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఈ నిబంధనల వెనుక గణితము ఉన్నది. వేగము రెట్టింపైనచో బండిలోని గమనశక్తి నాలుగు రెట్లగును. ఒంటరిగా పోవునపుడు ఆగు దూరమునకు అలవాటుపడిన చేయి, వెనుక మరియొకరు కూర్చున్ననాడు ఆ లెక్క తప్పును. టైర్లలో గాలి కొంత పెంచవలెను. బ్రేకు ముందుగా వేయవలెను. బ్రేకు వేసినపుడు బరువు ముందునకు వచ్చును గనుక ముందు బ్రేకునకే ఎక్కువ బలము. వెనుక బ్రేకునే నమ్మి నడుపుట మనలో చాలమందికి గల చెడ్డ అలవాటు.

ఈ ప్రీతికి మూల్యము ప్రాణమే కావచ్చును. దీనిని లోకము గుర్తించుటకు ఒక ప్రఖ్యాత పురుషుని మరణము కారణమయ్యెను. మొదటి ప్రపంచ యుద్ధమున అరేబియాలో పేరొందిన టి. ఇ. లారెన్సు బ్రఫ్ సుపీరియర్ అను మోటారు సైకిళ్ళను అమితముగా ప్రేమించెను. 1935 మే 13వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్ సీమలో తన కుటీరమునకు సమీపమున, సైకిళ్ళపై పోవు ఇద్దరు బాలురను తప్పింపబోయి పడెను. తలకు ఆచ్ఛాదనము లేదు. ఆరు దినములు స్పృహలేక మే 19న మరణించెను. అతని వయస్సు 46 సంవత్సరములు.

అపుడు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఉండెను. ఆయన స్వయముగా పరదేశి. ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీలో 1896లో పుట్టి, విద్యార్థి వేతనముపై ఆక్స్‌ఫర్డునకు వచ్చి అచటనే స్థిరపడినవాడు. ఆ మరణము ఆయన మనస్సులో నిలిచినది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో వార్తలు మోయు సైనికులు మోటారు సైకిళ్ళపై పోవుచు తలకు దెబ్బలు తగిలి మరణించుట గమనించి, 1941లో శిరస్త్రాణము యొక్క ఆవశ్యకతను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు సైనికులకు శిరస్త్రాణమును తప్పనిసరి చేసెను. సామాన్య ప్రజలకు ఇంగ్లండులో ఆ నిబంధన 1973 జూన్ 1వ తేదీన మాత్రమే వచ్చెను. అప్పటికి కెయిర్న్స్ మరణించి దాదాపు 21 సంవత్సరములు గడచినవి.

శిరస్త్రాణము పనిచేయు విధము తెలిసినచో దానిని అద్దమునకు వ్రేలాడదీయువారు తగ్గుదురు. పై డిప్ప గట్టిది; అది దెబ్బను ఒకచోట నిలువనీయక నలుదెసల పంచును. లోపలి నురుగు పొర మెత్తనిది, అది నలిగిపోవును. అట్లు నలుగుటయే దాని ధర్మము. తల ఆగుటకు పట్టు కాలము ఆ నలుగుట వలన పెరుగును; కాలము పెరిగినకొలది మెదడునకు తగులు ఘాతము తగ్గును. కనుక ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని, పైకి పగులు కనబడకపోయినను, మరల ధరింపరాదు. గడ్డము క్రింది పట్టీ బిగింపనిచో ఆ శిరస్త్రాణము తలకంటె ముందుగా ఎగిరిపోవును.

ఇచటనే వలసపోయినవారి కథ ఒకటి ముడిపడినది. పంజాబు నుండి ఇంగ్లండునకు పోయిన సిక్కులలో మోటారు సైకిలు నడుపువారు పలువురు. 1973 నిబంధన వారిని ఇరుకున పెట్టెను. తలపాగా వారికి అలంకారము కాదు, ధర్మచిహ్నము. దానిని తీసి శిరస్త్రాణము పెట్టుకొనుటకు కొందరు నిరాకరించిరి. జరిమానాలకు, శిక్షలకు లోనైరి. రెండు ప్రపంచ యుద్ధములలోను తాము తలపాగాలతోనే బ్రిటిషు సైన్యమున పోరాడితిమని వారు వాదించిరి. ఎదుటిపక్షమువారు, నియమము ప్రాణరక్షణకై పుట్టినదనియు, దెబ్బకు మతభేదము లేదనియు వాదించిరి. ఇరువాదములలోను బలమున్నది. తుదకు సౌతాల్ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు సిడ్నీ బిడ్‌వెల్ ప్రతిపాదించిన బిల్లు 1976 నవంబరులో చట్టమయ్యెను. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు లభించెను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1999లోను, ఆల్బర్టా, ఒంటారియో రాష్ట్రములు 2018లోను ఇదే మార్గము త్రొక్కినవి. పరదేశమునకు పోయినవాడు తన ప్రీతిని, తన ధర్మమును రెండింటిని వెంటగొని పోవును. ఆ రెండును ఒకే తలపై పోరాడుట ఈ ఉదంతములో కనిపించును.

మనుష్యులే గాక బండ్లు కూడ వలసపోవును. మన ఊళ్ళలో బుల్లెట్టు అని పిలుచు బండి పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ ఆ పేరుతో బండిని 1932లో ప్రదర్శించెను. 1955లో ఆ సంస్థ మద్రాసులోని మద్రాస్ మోటార్సుతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించెను. మొదట విడిభాగములు ఓడలో వచ్చి తిరువొత్తియూరులో కూర్పబడుచుండెను. తరువాత అవి ఇచటనే తయారగుట మొదలయ్యెను. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడెను. 1970 నాటికి ఇంగ్లండులో ఆ బండ్ల నిర్మాణము ముగిసెను. పుట్టినింట దీపము ఆరినను మెట్టినింట వెలుగుచుండెను. 1977లో మద్రాసు బుల్లెట్లు ఇంగ్లండునకే ఎగుమతి కాసాగినవి. కాపురమునకు పంపిన కూతురు పుట్టింటివారు చితికిపోయిన పిదప వారికి ఆసరాగా తిరిగివచ్చినట్లు జరిగినది.

దాని ధ్వనిని గూర్చి ఒక మాట. పాత 350 బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, ముషలకము నడచు దూరము 90 మిల్లీమీటర్లు. గుణించినచో 346 ఘన సెంటీమీటర్లు వచ్చును. వ్యాసము కంటె నడక దూరము ఎక్కువ, బరువైన చక్రము తోడు. కనుక ఇంజను నెమ్మదిగా తిరిగినను ఆగదు. నాలుగు నడకల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే ప్రేలుడు జరుగును. నిమిషమునకు 900 చుట్లు తిరుగుచున్నపుడు ప్రేలుళ్ళు 450. అనగా సెకనుకు ఏడెనిమిది. అంత నిదానముగా వచ్చు దెబ్బలను చెవి విడివిడిగా వినగలదు. వీధి మలుపు తిరుగకమునుపే ఇంటివారు ‘నాన్న వచ్చుచున్నాడు’ అని గుర్తుపట్టుటకు కారణము ఇదియే.

జీవితాంతము నిలిచిన ప్రీతికి రెండు ఉదాహరణములు. ఇంగ్లండునకు చెందిన తెరెసా వాలక్ 1909లో జన్మించెను. 1934 డిసెంబరులో ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అను స్నేహితురాలితో కలిసి పాంథర్ బండికి సైడుకారును, దాని వెనుక చిన్న బండిని తగిలించి లండనులో బయలుదేరెను. సహారా ఎడారిని దాటి 1935 జూలైలో ఇరువురును కేప్‌టౌన్ చేరిరి. యుద్ధకాలములో ఆమె మోటారు సైకిలుపై సైనిక వార్తలు మోసెను; తరువాత అమెరికాకు వలసపోయి చికాగోలో బండ్ల దుకాణము నడపెను; ఆ పిమ్మట అరిజోనాలోని ఫీనిక్సులో మోటారు సైకిలు నేర్పు పాఠశాలను పెట్టెను. 1999లో మరణించెను. ఆమె ఎరిగిన విద్యయే కొత్తదేశములో ఆమెకు బ్రతుకుతెరువైనది.

రెండవవాడు న్యూజిలాండునకు చెందిన బర్ట్ మన్రో. ఆయన బండి 1920 నాటి ‘ఇండియన్’; పేరు అట్లున్నను అది మన దేశపుది కాదు, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో చేసినది. భార్యయు నలుగురు బిడ్డలును గల ఆయన వివాహము నిలువలేదు. తరువాత చిన్న కొట్టములో ఉండి, ముషలకములను తానే పోతపోసికొనుచు ఆ బండిని దశాబ్దముల పాటు సవరించెను. 1967లో 68 ఏండ్ల వయస్సున బండిని ఓడలో తిరిగి అమెరికాకు తెచ్చి, బానెవిల్ ఉప్పు మైదానమున గంటకు 183.586 మైళ్ళ వేగముతో తన తరగతిలో రికార్డు నెలకొల్పెను. 1978లో మరణించెను. లెక్కలో చిన్న పొరపాటు జరిగినదని ఆయన కుమారుడు గుర్తింపగా, 2014లో ఆ వేగము 184.087 మైళ్ళుగా సవరింపబడెను. తండ్రి ప్రీతి కొంతవరకు ఇంటిని దూరము చేసియుండవచ్చును. తండ్రి లెక్కను సరిచూచినవాడు మాత్రము ఆ ఇంటి బిడ్డయే.

మన తెలుగువారి విషయమునకు వత్తము. పూర్వము రంగూనుకు, మలయాకు, నేటాలుకు పోయినవారు చేతిసంచితో పోయిరి. ఇటీవలి తరములలో గల్ఫు దేశములకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోవువారిలో బండి నడుపుట ఎరిగిన యువకులు వేలకొలది. వారు ముందుగా తెలిసికొనవలసినది రోడ్డు ప్రక్క. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా, మలేషియాలలో మనవలె ఎడమవైపున పోవుదురు. అమెరికాలోను గల్ఫు దేశములలోను కుడివైపున పోవుదురు. బర్మా 1970లో ఎడమ నుండి కుడికి మారినది. కారు నడుపువానికి స్టీరింగు స్థానమే ఈ భేదమును గుర్తుచేయుచుండును. మోటారు సైకిలు వానికి అట్టి జ్ఞాపిక లేదు. ఖాళీ వీధిలో, తెల్లవారుజామున, మలుపు తిరిగిన వెంటనే పాత అలవాటు బయటపడును.

పాత బుల్లెట్టు నడిపినవానికి మరియొక చిక్కు. అందులో గేరు కుడికాలి క్రింద, బ్రేకు ఎడమకాలి క్రింద ఉండెడిది. అమెరికాలో 1970ల మధ్యనుండి గేరు ఎడమనే ఉండవలెనని నియమము. మన బుల్లెట్టు కూడ తరువాత మారినది. ఆపదలో బ్రేకని త్రొక్కినది గేరు అగును; ఆ అర సెకను చాలును. కనుక కొత్త బండిపై మొదటి పది దినములు ఒంటరిగా, రద్దీలేని చోట నడిపిన పిమ్మటనే భార్యను గాని బిడ్డను గాని ఎక్కించుకొనుట వివేకము. 1949 నాటి జెనీవా ఒడంబడిక ననుసరించి ఇచ్చు అంతర్జాతీయ అనుమతిపత్రము ఒక్క సంవత్సరమునకే చెల్లును. అచటనే స్థిరపడువాడు అచటి పరీక్షకు కూర్చుండవలెను. స్వంత బండిని ఓడలో తీసికొనిపోదమనుకొనువారికి కూడ ఒక మాట: అచటి నియమములకు సరిపడని బండి 25 సంవత్సరములు నిండనిదే అమెరికా రోడ్డు భద్రతా నిబంధనల నుండి మినహాయింపు పొందదు.

కనుక బండి ఇంటనే ఉండిపోవును. రేకుల పందిరి క్రింద, పాత దుప్పటి కప్పుకొని, పరదేశమునకు పోయిన కుమారుని బండి నిలిచియున్న ఇండ్లు మన జిల్లాలలో ఎన్నియో కలవు. తలిదండ్రులు అమ్మరు, నడుపరు. ఆదివారమునాడు తండ్రి దుప్పటి తొలగించి కిక్కు కొట్టి, ఆ చప్పుడు ఫోనులో కుమారునకు వినిపించి, రెండు నిమిషములలో ఆపివేయును. ప్రేమతో చేసిన ఈ పనియే బండికి కీడు. పెట్రోలు మండినపుడు నీటి ఆవిరి పుట్టును. ఇంజను బాగుగా వేడెక్కనిచో ఆ ఆవిరి లోపలనే నీరై ఆయిలులో కలియును, సైలెన్సరులో నిలిచి త్రుప్పు పుట్టించును. దీర్ఘకాలము నిలుపదలచిన బండికి ముందుగా ఆయిలు మార్పింపవలెను. కార్బురేటరులోని పెట్రోలు తీసివేయవలెను. నేటి పెట్రోలులో కలుపు ఇథనాలు గాలిలోని తేమను పీల్చును గనుక ఇది మరింత అవసరము. ప్లగ్గు తీసి రెండు మూడు చుక్కల ఆయిలు వేసి నెమ్మదిగా కిక్కు త్రిప్పవలెను. బ్యాటరీ తీగలను విప్పి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, సైలెన్సరు మూతికి గుడ్డ కట్టవలెను. ఎలుకలకు అది ఇష్టమైన బిలము.

నడపదలచినచో ఊరి పొలిమేర వరకు పోయిరావలెను. పావుగంటకు తక్కువ కారాదు. రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు చెల్లును. ఆపైన పరీక్ష చేయించి ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. ఆ పదిహేనవ ఏడు వచ్చుసరికి ఇంటిలో ఒక మాట జరుగుట మంచిది. కుమారుడు తిరిగివచ్చునా, రాడా అనునది తలిదండ్రులు నోట పలుకజాలని ప్రశ్న. బండిని ఉంచవలెనా, ఎవరికైన ఇయ్యవలెనా అని అడుగుట అంతకంటె సులభము. ఆ చిన్న ప్రశ్నకు వచ్చు జవాబులో పెద్ద ప్రశ్నకు కూడ జవాబు ఉండును. మేనల్లుడో, ప్రక్కింటి పిల్లవాడో దానిని నడిపినచో బండి బ్రతుకును. ఇచ్చుచున్నపుడు బండితోపాటు ఒక శిరస్త్రాణమును కూడ కొనియిచ్చుట మరువరాదు.